పెడితే రెండు చెవులకూ, తీస్తే రెండూ: డీజే ఆపరేటర్లకు ఇన్-ఇయర్ జాగ్రత్తలు

నల్లగొండ పక్కనున్న పానగల్‌లో పెళ్లి బరాత్ వస్తుంటే ముందు కనిపించేది పెళ్లికొడుకు కాదు, డీసీఎం లారీ. డాలా మీద రెండు వరుసల బేస్ బాక్సులు, వాటి నెత్తిన టాప్స్, ఓ మూల జనరేటర్. మధ్యలో మిగిలిన మూడడుగుల జాగాలో లాప్‌టాప్, మిక్సర్, వాటి వెనుక డీజే ఆపరేటర్. అతని తల ఎప్పుడూ ఓ పక్కకు వాలి ఉంటుంది. హెడ్‌ఫోన్ కప్పు ఒకటి ఎడమ చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, ఆ చెవితో రాబోయే పాట, రెండో చెవితో నడుస్తున్న పాట వింటుంటాడు. కింద నుంచి కేక: "అన్నా, ఇంక జర పెంచు!" పెంచుతాడు. పెంచిన మోతలో హెడ్‌ఫోన్ పాట మునిగిపోతుంది, దాన్నీ పెంచుతాడు. అర్ధరాత్రి వైర్లు చుట్టేసరికి చెవులు గుయ్యిమంటుంటాయి. తెల్లారి అమ్మ రెండుసార్లు పిలిస్తేగానీ పలకడు.

ఈ బాధ పడలేక హెడ్‌ఫోన్ వదిలి ఇన్-ఇయర్ మానిటర్లకు మారుతున్న ఆపరేటర్లున్నారు. చెవి రంధ్రంలో బిగుతుగా కూర్చునే ఈ చిన్న స్పీకర్లకు మారడానికి కారణాలు న్యాయమైనవే. నల్లగొండ ఎండల్లో హెడ్‌ఫోన్ కప్పుల కింద చెవులు ఉడికిపోతాయి. నాలుగు గంటలు తల వంచితే మెడ పట్టేస్తుంది. ఇన్-ఇయర్‌కు బరువు లేదు, పైగా బయటి మోతను బాగా ఆపుతుంది.

అయితే ఇన్-ఇయర్ తాయెత్తు కాదు. కట్టుకున్నంత మాత్రాన కాపాడదు. బయటి మోతను ఆపుతుంది కాబట్టి లోపలి సౌండ్ తగ్గించుకునే వీలు కల్పిస్తుంది, అంతే. ఆ వీలును వాడుకోనివాడికి హెడ్‌ఫోన్ కంటే ఇదే ఎక్కువ ముప్పు, ఎందుకంటే స్పీకర్‌కూ కర్ణభేరికీ మధ్య రెండు సెంటీమీటర్ల దూరం కూడా ఉండదు. కింది జాగ్రత్తలన్నీ ఈ ఒక్క మాట చుట్టూ తిరిగేవే.

ముందు చెవి లెక్క

శబ్దం వల్ల చెవికి జరిగే నష్టం రెండిటి మీద ఆధారపడుతుంది: ఎంత మోత, ఎంతసేపు. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ సిఫారసు ప్రకారం రోజుకు 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు హద్దు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమైపోతుంది.

- 85 డెసిబెల్స్: 8 గంటలు
- 88 డెసిబెల్స్: 4 గంటలు
- 91 డెసిబెల్స్: 2 గంటలు
- 94 డెసిబెల్స్: 1 గంట
- 97 డెసిబెల్స్: 30 నిమిషాలు
- 100 డెసిబెల్స్: 15 నిమిషాలు
- 103 డెసిబెల్స్: ఏడున్నర నిమిషాలు
- 106 డెసిబెల్స్: 4 నిమిషాల లోపు

మూడు డెసిబెల్స్ పెరిగితే వినేవాడికి పెద్ద తేడా తెలియదు, కానీ ధ్వని శక్తి రెట్టింపవుతుంది. "కొంచెమే పెంచిన" అనుకునే చోటే మోసం ఉంది.

దీన్ని బండి మీద పెట్టి చూద్దాం. ఆపరేటర్ నిలబడ్డ చోట 105 డెసిబెల్స్ ఉందనుకోండి. హెడ్‌ఫోన్ కప్పు అందులో 15 ఆపితే లోపల 90 మిగులుతుంది. ఆ మోత మీద రాబోయే పాట తేటగా వినబడాలంటే దాన్ని 97కో 100కో పెంచక తప్పదు. అంటే చెవికి ఆ రోజు మిగిలింది పావుగంట, మహా అయితే అరగంట. అదే చోట సరిగ్గా కుదిరిన ఇన్-ఇయర్ 25 ఆపితే లోపల మిగిలేది 80. అప్పుడు పాట 85, 88 మధ్య ఉన్నా చాలు, బరాత్ మొత్తం నడిపేయొచ్చు. ఇన్-ఇయర్ చేసే మేలు ఇదే. పాత అలవాటు కొద్దీ నాబ్‌ను మునుపటి గీత దగ్గరే ఉంచితే ఆ మేలు సున్నా.

ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. ఇన్-ఇయర్‌లను మొదట డీజేల కోసం చేయలేదు. 1995లో వాన్ హేలెన్ రాక్ బృందం సౌండ్ ఇంజనీర్ జెర్రీ హార్వీ, తమ డ్రమ్మర్ కోసం వీటిని తయారుచేయడంతో ఇవి వేదికల మీద ప్రచారంలోకి వచ్చాయి. డ్రమ్మర్‌కు బృందం అంతా కలిసిన ఒకే మిక్స్ చెవిలో పడితే చాలు. డీజే పని అలా కాదు. జనం వింటున్న పాట, జనానికి ఇంకా వినబడకూడని పాట, రెండూ ఒకేసారి విడివిడిగా కావాలి. డీజే హెడ్‌ఫోన్‌లు ఈ అవసరానికి తగ్గట్టే ఉంటాయి. 1988లో వచ్చి ఇప్పటికీ అమ్ముడవుతున్న సెన్‌హైజర్ హెచ్‌డీ 25లో ఒక కప్పు చెవి నుంచి పక్కకు తిరుగుతుంది. ఇన్-ఇయర్‌కు అలా సగం జరిపే వీలు లేదు. ఉంటే పూర్తిగా లోపల, లేకపోతే బయట. ప్రమాదాలన్నీ ఇక్కడి నుంచే మొదలవుతాయి.

కొనేటప్పుడు

చేయవలసినవి

- చెవి రంధ్రంలోకి వెళ్లి గాలి దూరకుండా మూసేవే ఎంచుకోండి. చెవి అంచున వేలాడే ఫోన్ ఇయర్‌ఫోన్లు బయటి మోతను ఆపలేవు.
- చెవిలోకి వెళ్లే టిప్స్ మూడు నాలుగు సైజుల్లో వచ్చే సెట్ తీసుకోండి. మనిషికి కుడి చెవి, ఎడమ చెవి ఒకే కొలతలో ఉండాలని లేదు. ఒక చెవికి మీడియం, రెండోదానికి స్మాల్ కుదిరితే అలాగే వాడండి.
- సిలికాన్ టిప్స్‌తో పాటు మెమరీ ఫోమ్ టిప్స్ కూడా ఒక జత కొనండి. బండి మీద బేస్ అదురుకు ఫోమ్ ఎక్కువగా అడ్డుపడుతుంది. సిలికాన్ కడుక్కోవడానికి సులువు.
- వైరు చెవి పైనుంచి వెనక్కి తిరిగే మోడల్ చూడండి. కిందికి వేలాడే వైరును జనంలో ఎవరి చెయ్యో లాగుతుంది.
- డబ్బు పెట్టగలిగితే, చెవి అచ్చు తీయించి చేయించే కస్టమ్ రకం మేలు. అచ్చు తీసే పని శిక్షణ ఉన్న ఆడియాలజిస్ట్ చేతనే చేయించండి.

చేయకూడనివి

- బ్లూటూత్ బడ్స్‌తో డీజే కొట్టకండి. పాట మిక్సర్‌లో మొదలై బడ్స్‌లో వినబడే సరికి 150 మిల్లీసెకన్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. నిమిషానికి 120 దెబ్బల పాటలో దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉండేది 500 మిల్లీసెకన్లు. అంటే దాదాపు మూడో వంతు దెబ్బ వెనకబడి వింటారు. బీట్ కలవదు. కలవడం లేదని సౌండ్ పెంచుతారు, చెవి పోతుంది.
- డబ్బా మీద రాసిన అంకెను కళ్లు మూసుకుని నమ్మకండి. షూర్ ఎస్ఈ215 లాంటి పేరున్న మోడల్ 37 డెసిబెల్స్ దాకా ఆపుతుందని కంపెనీ చెబుతుంది. ఆ "దాకా" అన్నది టిప్ సరిగ్గా కుదిరినప్పటి మాట. వదులుగా ఉంటే అందులో సగం కూడా దక్కదు.
- "బేస్ దుమ్ము లేపుతది" అన్న మాట విని కొనకండి. బేస్ తక్కువగా వినబడుతోందంటే చాలాసార్లు తప్పు ఇన్-ఇయర్‌ది కాదు, సరిగ్గా మూసుకోని టిప్‌ది.

చెవిలో పెట్టుకునేటప్పుడు

ఫోమ్ టిప్ పెట్టుకోవడానికి ఒక పద్ధతుంది. మొదటిసారి అద్దం ముందు, ఇంట్లో నిదానంగా చేయండి. టిప్‌ను బొటనవేలు, చూపుడువేలు మధ్య నలిపి సన్నటి వత్తిలా చేయాలి. రెండో చెయ్యి తల మీదుగా తెచ్చి చెవి పైభాగాన్ని పైకి, కొంచెం వెనక్కి లాగాలి. అలా లాగితే వంకరగా ఉండే చెవి దారి తిన్నగా అవుతుంది. అప్పుడు వత్తిని లోపలికి పెట్టి, ఫోమ్ ఉబ్బి గోడలకు అతుక్కునే దాకా ఇరవై ముప్పై సెకన్లు వేలితో అదిమి పట్టుకోవాలి. సరిగ్గా కూర్చుందా లేదా అన్నది మీ గొంతే చెబుతుంది. "ఊఁ" అని మూలిగి చూడండి. బిందెలో తల పెట్టి మాట్లాడినట్టు మీ గొంతు మీకే గుమ్ముగా వినబడితే కుదిరినట్టు.

చేయవలసినవి

- బండి మీద మోత మొదలుకాక ముందే పెట్టుకోండి. మోతలో పెట్టుకుంటే ఎంత సౌండ్ చాలో అంచనా దొరకదు.
- తీసేటప్పుడు కొంచెం తిప్పుతూ, మెల్లగా లాగండి.
- ఒక పాట మొత్తం తల తిప్పుతూ, నోరు తెరిచి మూస్తూ పరీక్షించండి. దవడ కదిలినప్పుడల్లా బేస్ మాయమవుతుంటే సైజు మార్చాలి.

చేయకూడనివి

- ఒక్క ఊపున పీకకండి. బిగుతుగా మూసిన చోట గాలి పీలుడుకు కర్ణభేరి లాగినట్టవుతుంది, నొప్పి పుడుతుంది.
- లోపలికి పోవడం లేదని నూనె గానీ ఉమ్మి గానీ రాయకండి.
- చెవిలో నొప్పి, చీము, తడి ఉంటే ఆ రాత్రికి ఇన్-ఇయర్ జోలికి పోకండి.

జాక్, నాబ్, కరెంటు

మిక్సర్ హెడ్‌ఫోన్ జాక్‌లో పవర్ ఎక్కువ. అది హెడ్‌ఫోన్‌లను దృష్టిలో పెట్టుకుని చేసింది. ఇన్-ఇయర్‌కు అంత అవసరం లేదు. ఒక్క మిల్లీవాట్‌కే 105 డెసిబెల్స్ దాటే ఇన్-ఇయర్‌లు మార్కెట్లో మామూలే. హెడ్‌ఫోన్‌కు సగం దాకా తిప్పే నాబ్‌ను దీనికీ సగం తిప్పితే చెవిలో పిడుగు పడ్డట్టే. పైగా వేదికల మీద వాడే వైర్‌లెస్ ఇన్-ఇయర్ సెట్లలో చాలావాటికి హఠాత్తుగా వచ్చే మోతను కత్తిరించే లిమిటర్ ఉంటుంది. మిక్సర్‌కు నేరుగా గుచ్చే వైరు ఇన్-ఇయర్‌కు ఆ అడ్డు ఉండదు.

అందుకే వరుస గుర్తుపెట్టుకోండి: ముందు నాబ్ సున్నా, తర్వాత జాక్, తర్వాత చెవి, ఆఖరున పాట. తీసేటప్పుడు ఇదే వరుస తిరగేయాలి: పాట ఆపు, చెవిలోంచి తియ్యి, జాక్ పీకు, నాబ్ సున్నా చెయ్యి.

చేయవలసినవి

- హెడ్‌ఫోన్ నాబ్ మీద మార్కర్‌తో ఒక చుక్క పెట్టుకోండి. నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో హాయిగా వినబడే చోటు అది. బండి మీద ఆ చుక్క బాగా దాటాల్సి వస్తోందంటే మొదట టిప్ వదులైందేమో చూడండి. చెయ్యి నాబ్ మీదికి పోకముందు చెవి మీదికి పోవాలి.
- 6.3 మిల్లీమీటర్ల పెద్ద జాక్‌కు పెట్టే కన్వర్టర్ మంచిది కొనండి, రెండోది సంచిలో ఉంచండి. వదులైన కన్వర్టర్ కరకరమంటుంది. ఆ కరకర నేరుగా కర్ణభేరి మీదే పడుతుంది.
- జనరేటర్ ఆన్, ఆఫ్ చేసేటప్పుడు, యాంప్లిఫయర్ స్విచ్ వేసేటప్పుడు రెండు చెవులూ ఖాళీగా ఉంచండి. "ధబ్" మనే ఆ దెబ్బ ఇన్-ఇయర్‌లోకీ రావచ్చు.
- జనరేటర్‌కు ఎర్త్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. మైకు నోటికి దగ్గర పెట్టినప్పుడు పెదాలకు చురుక్కుమంటే ఎర్త్ లేనట్టు. ఆ మిక్సర్‌కే తగిలించిన వైరును చెవిలో పెట్టుకుంటున్నారని మరవకండి.

చేయకూడనివి

- పాట నడుస్తుండగా జాక్ పీకడం, గుచ్చడం చేయకండి.
- ఒకే జాక్‌కు రెండు జతలు తగిలించి తమ్ముడికొకటి, మీకొకటి పంచుకోకండి. ఒకరికి చాలకపోతే పెంచుతారు, రెండోవాడి చెవికి దెబ్బ.
- చినుకులు పడుతుంటే, చొక్కా తడిసి ముద్దయితే వైరు ఇన్-ఇయర్‌తో కొనసాగకండి. సౌండ్ ఆపి, మెయిన్ తీసి, ఆ తర్వాతే పట్టా కప్పండి.

డీజే కొట్టేటప్పుడు: ఒంటి చెవి అలవాటు

హెడ్‌ఫోన్ రోజుల నుంచి వచ్చిన అలవాటు ఇది. ఒక చెవిలో ఇన్-ఇయర్ పెట్టి, రెండోది మెడ మీద వేలాడేసి కొడుతుంటారు. ఇన్-ఇయర్‌తో చేయగల తప్పుల్లో ఇదే అన్నిటికన్నా పెద్దది.

ఎందుకో చూడండి. తెరిచి ఉన్న చెవి మీద 105 డెసిబెల్స్ మోత అడ్డు లేకుండా పడుతుంది. పైన చెప్పిన లెక్కలో దాని హద్దు 5 నిమిషాల లోపే. రెండు చెవులతో విన్న పాట కంటే ఒంటి చెవితో విన్న పాట చిన్నగా అనిపిస్తుంది కనుక మూసిన చెవిలో మీకు తెలియకుండానే పెంచుతారు. ఒక చెవికి బయటి నుంచి దెబ్బ, రెండో చెవికి లోపలి నుంచి దెబ్బ. హెడ్‌ఫోన్‌తో ఇంతకంటే నయంగా ఉండేవారు.

మరి నడుస్తున్న పాట వినేదెలా? మిక్సర్‌లోనే దారి ఉంది.

చేయవలసినవి

- హెడ్‌ఫోన్ నాబ్ పక్కన ఉండే క్యూ-మిక్స్ నాబ్ వాడండి. ఒక కొసకు తిప్పితే రాబోయే పాట, రెండో కొసకు తిప్పితే మాస్టర్, అంటే జనం వింటున్న పాట, వినబడతాయి. మధ్యలో ఉంచితే రెండూ కలుస్తాయి. చెవిలోంచి తీయాల్సిన పనే ఉండదు.
- స్ప్లిట్ క్యూ బటన్ ఉంటే నొక్కండి. ఒక చెవిలో రాబోయే పాట, రెండో చెవిలో మాస్టర్ పడతాయి. పాత హెడ్‌ఫోన్ అలవాటే ఇది, కానీ రెండు చెవులూ మూసి ఉంటాయి.
- బీట్‌ను చెవి లోపలే కలపండి. గాలిలో ధ్వని మీటరు దూరానికి దాదాపు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. ఫంక్షన్ హాల్లో బాక్సులు 30 మీటర్ల దూరాన ఉంటే వాటి పాట మీ చెవికి దాదాపు 90 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. దానికీ చెవిలోని పాటకూ బీట్ కలపబోతే ఎప్పటికీ కలవదు. మాస్టర్ కూడా ఇన్-ఇయర్‌లోనే వింటే ఈ తిప్పలు ఉండవు.
- పక్కన బూత్ మానిటర్ స్పీకర్ ఉంటే ఆపేయండి, లేదా బాగా తగ్గించండి. రెండు చెవుల్లోనూ మాస్టర్ వస్తున్నప్పుడు అది అనవసరపు మోత.
- గంటకోసారి పొడవాటి పాట వేసి, బాక్సులకు దూరంగా దిగి పది నిమిషాలు చెవులకు గాలి తగలనివ్వండి. దిగే ముందు ఇన్-ఇయర్ తీసి, బాక్సులకు దూరం వెళ్లే దాకా ఇయర్‌ప్లగ్గులు పెట్టుకోండి.

చేయకూడనివి

- ఒంటి చెవితో కొట్టకండి. పెడితే రెండూ పెట్టండి, తీస్తే రెండూ తీయండి. బండి మీద తీస్తే మాత్రం వెంటనే రెండు చెవుల్లో ఇయర్‌ప్లగ్గులు పడాలి.
- జనం ఊపు తెలియడం లేదని సౌండ్ పెంచకండి. చెవులు మూసుకున్నప్పుడు అలా అనిపించడం సహజం. ఊపు కళ్లతో చూడండి. కాళ్లు, చేతులు, ఈలలు వేసే పెదవులు చూస్తే తెలిసిపోతుంది. కొంతమంది ఆపరేటర్లు పక్కన ఒక మైకు పెట్టి జనం గోలను సన్నగా మిక్స్‌లోకి తెచ్చుకుంటారు. అది ఇన్-ఇయర్ మిక్స్‌కే వచ్చేలా, బాక్సులకు పోకుండా కట్టుకోగలిగితేనే చేయండి.
- మందు తాగి ఇన్-ఇయర్ పెట్టుకోకండి. మత్తులో ఎంత మోతైనా తక్కువే అనిపిస్తుంది.

కదిలే బండి మీద: మీ చెవులు మూసి ఉన్నాయి, మరి ఎవరి చెవులు తెరిచి ఉన్నాయి?

పట్నం పబ్బులో డీజే కొట్టేవాడికి లేని ప్రమాదం మన ఆపరేటర్‌కుంది. అతను నిలబడ్డది కదిలే బండి మీద. పైన కరెంటు తీగలు, కింద పిల్లలు, వెనుక జనరేటర్. ఇన్-ఇయర్ 25 డెసిబెల్స్ మోత ఆపుతుందంటే, "ఆపు! తీగ!" అన్న కేకను కూడా అంతే ఆపుతుంది.

ఇది ఊహ కాదు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఊరేగింపుల్లో ఎత్తైన బండికీ తీగకూ మధ్య ఉండేది తరచూ ఒక మనిషి కేకంత దూరమే.

చేయవలసినవి

- బరాత్ కదలక ముందు దారంతా ఒకసారి నడిచి చూడండి. పానగల్ లాంటి పాత ఊళ్లలో సందులు ఇరుకు, సర్వీసు తీగలు చేతికందేంత కిందికి వేలాడతాయి. బండి ఎత్తు కొలిచి, ఆగాల్సిన చోట్లు డ్రైవర్‌కు ముందే చెప్పండి.
- ఇన్-ఇయర్ పెట్టుకోని జతగాడిని ఒకడిని పక్కన నిలబెట్టుకోండి. అతని పని పాటలు కాదు. తీగలు, జనరేటర్, జనం చూడటం.
- సైగలు ముందే అనుకోండి. భుజం మీద ఒక తట్టు పడితే సౌండ్ తగ్గించాలి. రెండు తట్లు పడితే వెంటనే ఆపాలి. చెయ్యి అడ్డంగా ఊపితే డ్రైవర్ బండి ఆపాలి.
- ఆ జతగాడి చెవుల్లో మామూలు ఫోమ్ ఇయర్‌ప్లగ్గులు ఉండాలి. వాటితో మోత తగ్గుతుంది, చెవిలో పాట ఉండదు కాబట్టి దగ్గరి కేక తెలుస్తుంది.

చేయకూడనివి

- తీగను కర్రతో ఎత్తి బండి కిందుగా పోనివ్వకండి. కరెంటు ఆఫీసుకు ఫోన్ చేసి సప్లై ఆపించండి.
- వైరును మెడకు చుట్టుకోకండి. చొక్కా లోపలి నుంచి వెనక్కి తెచ్చి క్లిప్ పెట్టండి.
- పని అయ్యాక అదే ఇన్-ఇయర్ పెట్టుకుని బైక్ ఎక్కి ఇంటికి పోకండి. రాత్రిపూట వెనుక లారీ హారన్ వినబడదు.

చెమట, గులిమి, కోడి ఈక

ఎండాకాలం బరాత్‌లో నాలుగు గంటలు మూసి ఉంచిన చెవి లోపల తడిగా, వేడిగా ఉంటుంది. బూజు పట్టడానికి అంతకంటే మంచి చోటు ఉండదు. చెవి దురద పెడుతుంది. అప్పుడు మనవాళ్ల చెయ్యి పోయేది అగ్గిపుల్ల మీదికో, పిన్నీసు మీదికో, పెద్దవాళ్లయితే కోడి ఈక మీదికో. గీరుకున్న చోట పుండవుతుంది. మర్నాడు ఆ పుండు మీదే మళ్లీ ఇన్-ఇయర్.

చేయవలసినవి

- ప్రతి ప్రోగ్రాం తర్వాత పొడి మెత్తటి గుడ్డతో తుడవండి. సిలికాన్ టిప్స్ విడదీసి సబ్బు నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే తగిలించండి.
- ధ్వని వచ్చే రంధ్రం దగ్గరి జాలీలో గులిమి చేరిందేమో చూడండి. ఒక చెవిలో సౌండ్ తగ్గిందనిపిస్తే మొదట చూడాల్సింది దాన్నే. ఒక పక్క మూసుకుపోతే నాబ్ పెంచుతారు, బాగున్న చెవికి దెబ్బ తగులుతుంది.
- ఫోమ్ టిప్స్ గట్టిపడినా, నలిపితే వెంటనే ఉబ్బిపోతున్నా మార్చేయండి.
- గట్టి డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం వేసి దాచండి.

చేయకూడనివి

- ఒకరి ఇన్-ఇయర్ ఇంకొకరు పెట్టుకోకండి. అన్నదమ్ములైనా సరే, టిప్స్ వేరుగా ఉండాలి.
- చెవిలో వేడి నూనె పోయకండి, ఏ పుల్లా పెట్టకండి. గులిమి గట్టిపడితే డాక్టర్ తీస్తారు.
- ఫోమ్ టిప్స్‌ను స్పిరిట్‌తో, శానిటైజర్‌తో తుడవకండి. పాడవుతాయి, చర్మానికీ మంటే.

మీ చెవులు మూసి ఉన్నాయి, ఊరి చెవులు తెరిచి ఉన్నాయి

ఇన్-ఇయర్ పెట్టుకున్న ఆపరేటర్‌కు బయట ఎంత మోతగా ఉందో అంచనా తప్పుతుంది. తనకు హాయిగా ఉంది కదా అని మాస్టర్ పెంచేస్తాడు. బాక్సుల ముందు ఆడుతున్న పిల్లలకు ఇన్-ఇయర్‌లు లేవు.

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్లు కూడదని 2005 జులైలో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. 2024 అక్టోబర్ 1న హైదరాబాద్ పోలీస్ కమిషనర్ మతపరమైన ఊరేగింపుల్లో డీజే సౌండ్ సిస్టమ్‌లను నిషేధించారు. వేదికల్లో సగటు మోత 100 డెసిబెల్స్ దాటకూడదని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం పెట్టింది.

చేయవలసినవి

- బరాత్‌కైనా, బోనాలకైనా, గణేశ్ నిమజ్జనానికైనా పోలీసు అనుమతి ముందే తీసుకోండి. అందులో రాసిన టైమూ, దారీ పాటించండి.
- మాస్టర్‌ను చెవితో కాకుండా మిక్సర్ మీటర్ చూసి సెట్ చేయండి. ఎర్ర లైటు వెలగడం గొప్ప కాదు.
- బాక్సుల ముందు తాడు కట్టి జనాన్ని దూరంగా ఉంచండి. ఆరుబయట దూరం రెట్టింపైతే మోత 6 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది.

చేయకూడనివి

- ఆసుపత్రి, బడి, కోర్టు ముందు నుంచి పోతుంటే పాట కొనసాగించకండి.
- చంటిపిల్లలను, చిన్నపిల్లలను బండి డాలా మీదికి ఎక్కించకండి.
- ఫోన్‌లో డెసిబెల్ యాప్ చూపించిన అంకెను చివరి మాటగా తీసుకోకండి. ఎక్కువ మోత దగ్గర ఫోన్ మైకు తక్కువ చూపొచ్చు. అది 100 అంటే అంతకన్నా ఎక్కువే ఉందనుకుని నడుచుకోండి.

ఇవి కనిపిస్తే ఆగండి

మన లోపలి చెవిలో ధ్వనిని పట్టే సన్నటి రోమ కణాలు ఒక్కో చెవికి సుమారు 15 వేలు ఉంటాయి. పోయినవి మళ్లీ మొలవవు. మోతకు మొదట దెబ్బతినేది 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల, అంటే సన్నటి శబ్దాలు వినే భాగం. అందుకే ఆపరేటర్‌కు బేస్ బాగానే వినబడుతుంది, చెవి పోతోందని తెలియదు. తెలుగులో ముందు జారిపోయేవి స, శ, ష లాంటి అక్షరాలు. "మాట ఇనపడుతుంది గని అర్థమైతలేదు" అని ఎవరైనా అన్నారంటే, చాలాసార్లు కథ అక్కడికి వచ్చినట్టే.

- ప్రోగ్రాం అయ్యాక చెవుల్లో హోరు, దూది పెట్టినట్టు మూసుకుపోవడం ఉంటే ఆ రాత్రి చెవి హద్దు దాటిందని అర్థం. మర్నాడు ప్రోగ్రాం ఒప్పుకోకండి.
- ఒక్కసారిగా ఒక చెవి వినబడకుండా పోతే ఇంట్లో వైద్యం చేసుకుంటూ కూర్చోకండి. అదే రోజు చెవి, ముక్కు, గొంతు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మందు పనిచేసే గడువు రోజుల్లోనే ఉంటుంది.
- ఏడాదికోసారి ఆడియోమెట్రీ పరీక్ష చేయించుకోండి. పానగల్ నుంచి నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రి దగ్గరే. హైదరాబాద్ పోగలిగితే కోఠిలో ఈఎన్‌టీకే ప్రత్యేకంగా ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. మొదటి ఏడాది కాగితం పారేయకండి. రెండో ఏడాది దానితోనే పోల్చి చూస్తారు.
- హోరు పోవడానికి చెవిలో చుక్కలు మీ అంతట మీరు వేసుకోకండి.

పానగల్ ఛాయా సోమేశ్వరాలయానికి వచ్చినవాళ్లంతా శివలింగం మీది నీడను చూసి అబ్బురపడతారు. సూర్యుడు ఎటు తిరిగినా ఆ నీడ రోజంతా కదలదు. కందూరు చోళుల కాలపు శిల్పులు వెలుగును అలా మలిచారు. హద్దు దాటిన మోత కూడా చెవిలో అలాంటి నీడనే వదులుతుంది. పాట ఆగుతుంది, జనరేటర్ ఆగుతుంది, ఊరు నిద్రపోతుంది, హోరు మాత్రం కదలదు. గుడిలో నీడను చూడటానికి జనం వస్తారు. చెవిలో నీడ మోసేవాడు ఒక్కడే.

ఆఖరుగా చేయవలసినది ఒకటుంది, దానికి ఖర్చు లేదు. ప్రోగ్రాం మర్నాడు పొద్దున ఉదయసముద్రం చెరువు కట్ట మీదికి పోయి నిలబడండి. ఇన్-ఇయర్ సంచిలోనే ఉండాలి. నీళ్ల అలికిడి, దూరంగా బస్సు హారన్ ఎలాగూ వినబడతాయి. తుమ్మ చెట్ల మీది చిన్న పిట్టల సన్నటి కిచకిచ వినండి. హోరు లేకుండా అది నిన్నటిలా వినబడితే ఈ రాత్రి పనికి చెవులు సిద్ధం. కొమ్మ మీద పిట్ట నోరు తెరుస్తూ కనిపించి, కూత చెవిన పడకపోతే ఆ రాత్రి బండి ఎక్కకండి, నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.